మేరీ పోలేదు

గౌసియా బీ నోరు ఊరుకోదని రాయచోటి దగ్గర వాళ్ళ పల్లెలో చెప్పుకునేవాళ్ళు. కొళాయి దగ్గరైనా, బస్సులోనైనా, పెళ్ళింట్లోనైనా ముందు ఆమె మాట వినపడేది, తర్వాతే మనిషి కనపడేది. కువైట్ వచ్చాక కూడా ఆ అలవాటు పోలేదు. ఫహాహీల్‌లో వాళ్ళ బిల్డింగు కింద బకాలా కొట్లో ఉండే మలయాళీ అబ్బాయితో తెలుగులోనే బేరమాడేది. అతను మలయాళంలో బదులిచ్చేవాడు. చివరికి కొత్తిమీర కట్ట ఉత్తినే సంచిలో పడేది.

అలాంటి మనిషి ఈ చలికాలంలో నోరు మూసుకుంది. మూయించింది అక్షయ.

అక్షయ కనకవల్లి మేడమ్ కూతురు. మేడమ్‌ది విజయవాడ. ఒక ఇండియన్ స్కూల్లో సోషల్ చెబుతారు. భర్త గురుమూర్తి గారు ఇంజనీరు. మహబూలాలో సముద్రం కనపడే ఫ్లాటు వాళ్ళది. ఆ ఫ్లాటు హాల్లోనే శుక్రవారం సాయంత్రాలు మేడమ్ పిల్లలకు తెలుగు బడి నడిపేవారు.

గౌసియా బీ కూతురు సుల్తానాకి నిజానికి ఆ బడి అవసరం లేదు. తొమ్మిదో తరగతి దాకా ఊళ్ళో జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు మీడియంలో చదివిన పిల్ల. కానీ పదిహేనేళ్ళు వచ్చినా నలుగురిలో ఆమెకు నోరు పెగలదు. ఇంట్లో అమ్మ మాటలకు పడీపడీ నవ్వుతుంది. గడప దాటితే రాయి. "పేరేమో సుల్తానా, నోట్లో నాలికే ల్యా. పిల్లోల్లల్లో తిరిగితే అన్నా మాటలొస్తాయేమో" అని తండ్రి హుస్సేన్ వలి తీసుకొచ్చి చేర్పించాడు. ఆయన ఆయిల్ కంపెనీల కాంట్రాక్టు పనుల్లో క్రేన్ ఫోర్మన్.

మొదటి రోజే అక్షయ సుల్తానాను దత్తత తీసుకుంది. ఆ మాట అక్షయదే. "నిన్ను నేను మార్చేస్తాను చూడు. సిక్స్ మంత్స్‌లో నిన్ను నువ్వే గుర్తుపట్టవు" అంది. అప్పటి నుంచి సుల్తానా నోరు తెరిస్తే చాలు, పక్కన అక్షయ సిద్ధం.

"యాడికి కాదు, ఎక్కడికి. ఏదీ, అను."

"ఎక్కడికి."

"వెరీ గుడ్. ఉండాది కాదు, ఉంది. సుల్తానా అంటే మరీ పాతగా ఉందిగానీ, సుజీ అని పిలుస్తానే. క్యూట్‌గా ఉంటుంది."

తనకు పొట్టయిన డ్రెస్సులు ఒక కవర్లో పెట్టి ఇచ్చింది. ఇస్తూ ఫొటో కూడా తీయించుకుంది. సుల్తానా మొదట్లో సంతోషించింది కూడా. పరాయి దేశంలో తనను పట్టించుకునే స్నేహితురాలు దొరికిందనుకుంది. తర్వాత అది తలుచుకున్నప్పుడల్లా ఆమెకు ఒళ్ళు మండిపోయేది.

ఒక శుక్రవారం బడి ఆలస్యమైంది. కూతుర్ని తీసుకుపోవడానికి వచ్చిన గౌసియా బీ తలుపు దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసి అడిగింది. "మ్మా, మా పాప ఉండాదా? అయిపాయనా బడి? ఒచ్చాండాదా, ఇంగా కూసోబెడ్తారా?"

అంతే ఆమె అన్నది. ఆ మరుసటి రోజు పిల్లల గ్రూపులో ఒక వీడియో వచ్చింది. అక్షయ తల మీదికి చున్నీ కప్పుకుని, నడుము మీద చెయ్యి పెట్టుకుని, పళ్ళు బయటపెట్టి అంటోంది. "మ్మా, మా పాప ఉండాదా? ఒచ్చాండాదా, సచ్చాండాదా?" చచ్చే మాట గౌసియా బీ అన్నది కాదు. అది అక్షయ చేర్చింది. చుట్టూ ఎవరెవరో నవ్వుతున్నారు. పిల్లల గ్రూపు నుంచి అది అమ్మల గ్రూపుకి పోయింది. కనకవల్లి మేడమ్ దాని కింద నవ్వే బొమ్మలు వరసగా పెట్టారు.

గౌసియా బీ ఆ గ్రూపులో ఉన్నా తెరిచి చూసే అలవాటు లేదు. తీరం రోడ్డు మీద పోయే బస్సులో ఆమెకు అది ఎదురైంది. ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఫోను చూసి నవ్వుకుంటున్నారు. ఫోన్లో నుంచి తన మాటలే వస్తున్నాయి, గొంతు మాత్రం తనది కాదు. ఆమె స్టాపు రాకముందే దిగిపోయి, మిగిలిన దూరం నడిచి ఇల్లు చేరింది. చెప్పులు విప్పుతూ ఒక్క మాట అడిగింది.

"మే సుల్తానా, నేను అట్ల మాట్లాడ్తానా?"

సుల్తానా నోరు పెగల్లేదు. "లేదమ్మా" అని ఆ క్షణం ఒక్క మాట అని ఉంటే బాగుండేది. అనలేకపోయింది. గౌసియా బీ కూతురి మొహం చూసి, సరేలే అన్నట్టు తల ఊపి వంటింట్లోకి పోయింది.

ఆ తర్వాతి శుక్రవారం ఆమె పైకి రాలేదు. కింద స్తంభం దగ్గర నిలబడి మిస్డ్ కాల్ ఇచ్చింది. బకాలాలో బేరం ఆపేసి, వస్తువు వేలితో చూపించి తీసుకోవడం మొదలుపెట్టింది. ఊరివాళ్ళు ఫోన్ చేసినా వాళ్ళే మాట్లాడాలి. ఈమె ఊ కొట్టేది. "ఏమైందే నీకు? పండ్ల నొప్పా?" అని హుస్సేన్ వలి అడిగితే "ఏం ల్యా" అనేది.

పాము పగ పన్నెండేళ్ళంటారు. సుల్తానా పగకి అంత ఓపిక లేదు. అక్షయ నీళ్ళ సీసాలో ఉప్పు కలపాలనుకుంది. చెప్పుల్లో జిగురు పొయ్యాలనుకుంది. పడుకుని కళ్ళు మూసుకుంటే అక్షయ మెట్ల మీద నుంచి దొర్లుతూ కనపడేది. ఒక్కోసారి సుల్తానాయే ఆ మెట్లు ఇంకొన్ని పెంచేది. కానీ ఇవన్నీ చిన్నపిల్లల పనులని ఆమెకే తోచింది. సీసా కడిగితే ఉప్పు పోతుంది. దెబ్బ తగిలితే పలకరించడానికి నలుగురొస్తారు, అది ఇంకా గొప్ప. అలా కాదు. అమ్మ నోరు ఎలా మూతపడిందో దాని నోరూ అలాగే మూతపడాలి. నలుగురిలో.

ఆ అవకాశాన్ని కనకవల్లి మేడమే తెచ్చి చేతిలో పెట్టారు.

ఏటా కువైట్‌లో తెలుగు సంఘం పిల్లలకు నాటకాల పోటీ పెడుతుంది. "ప్రతిసారీ రాజులూ రాణులే. జడ్జీలు కునికిపాట్లు పడుతున్నారు. ఈసారి మనం అమెరికా వేద్దాం" అన్నారు మేడమ్. కథ ఆవిడే రాశారు. రెండు వందల ఏళ్ళ నాటి సంగతి. అమెరికాలో తెల్లవాళ్ళు తూర్పు నుంచి పడమరకు జరుగుతూ, దారిలో ఉన్న ఇండియన్ల, అంటే అక్కడి ఆదివాసుల, నేలల మీద కన్నేశారు. ఆ నేలలన్నీ వదిలి మిస్సిసిప్పీ నది అవతలికి పోవాలని చట్టం చేశారు. పోనివాళ్ళను తుపాకులు పట్టుకుని నడిపించారు. దారిలో చలికీ జబ్బులకూ వేలమంది చనిపోయారు. అదే కాలంలో మంచి చేయాలని బయల్దేరిన అమ్మలూ అయ్యలూ కూడా ఉన్నారు. తాగుడు మాన్పించాలని, బానిసత్వం పోవాలని, ఆడవాళ్ళకు చదువు కావాలని, ఇండియన్లను తరమొద్దని సంతకాలు సేకరించి ఢిల్లీకి, కాదు, వాషింగ్టన్‌కి పంపారు.

నాటకంలో అలాంటి అమ్మ ఒకామె ఉంది. పేరు మిస్ ఎలనార్. చెరొకీ ఇండియన్ల ఊళ్ళో బడి పెడుతుంది. ఆ వేషం అక్షయది. సైనికుడి వేషం బాలుది. బాలు వాళ్ళది కాకినాడ. కర్ర తుపాకీ ఇస్తే చాలు, ఎవరినైనా తరిమేస్తాడు.

"మేరీ అని ఒక ఇండియన్ పిల్ల ఉంటుంది. దానికి డైలాగులు లేవు. సుజీకి ఇచ్చేద్దాం మమ్మీ, ప్రాబ్లమే ఉండదు" అంది అక్షయ. అందరూ నవ్వారు.

మేరీ పని ఇంతే. బళ్ళో కూర్చోవాలి. మిస్ ఎలనార్ తల నిమిరితే నవ్వాలి. సైనికుడు వచ్చి పొమ్మంటే దుప్పటి భుజాన వేసుకుని ఏడుస్తూ పోవాలి. ఆమె అటు పోగానే దీపాలన్నీ తగ్గి, ఒక్క వెలుగు అక్షయ మీద పడుతుంది. అప్పుడు అక్షయ మోకాళ్ళ మీద కూర్చుని అయిదు నిమిషాలు మాట్లాడాలి. ఆ ప్రసంగం కోసమే నాటకం. అందులో తాగుడూ బానిసత్వమూ స్త్రీ విద్యా అన్నీ ఉన్నాయి. కిందటేడు ఉత్తమ నటి బహుమతి తప్పిపోయిందని అక్షయకు ఉక్రోషం.

మేరీకి గోనె గుడ్డతో గౌను, తలకు కోడి ఈకల పట్టీ. అవి కుట్టే పని గౌసియా బీకి పడింది, ఆమెకు కుట్టుమిషను ఉంది కనుక. కనకవల్లి మేడమ్ ఫోన్లో కొలతలు చెబితే ఆమె "ఊ" అంది. మళ్ళీ "ఊ" అంది. అంతే మాట్లాడింది. మిషను తొక్కుతున్న తల్లి వీపు చూస్తూ సుల్తానా కూర్చునేది. తనను వెక్కిరించినవాళ్ళ నాటకానికి తన కూతురికి గోనె గుడ్డ కుడుతోంది అమ్మ.

ఆ చెరొకీలు ఎవరో చూద్దామని సుల్తానా ఫోన్లో వెతికింది. ఇంగ్లీషు కష్టమైనా కూడబలుక్కుని చదివింది. వాళ్ళు గోనె గుడ్డలు కట్టుకుని తిరగలేదట. ఇళ్ళూ, చేలూ, పండ్ల తోటలూ ఉండేవట. తమ భాషకు సొంత అక్షరాలు చేసుకుని, ఆ అక్షరాలతో పత్రిక కూడా అచ్చేసుకున్నారట. కొన్ని బళ్ళల్లో చేరిన పిల్లలకు తెల్లవాళ్ళు కొత్త పేర్లు పెట్టారని చదివినచోట ఆమె ఆగిపోయింది. సుజీ అని మనసులో అనుకుంది. పళ్ళు కొరికింది.

తర్వాతి రిహార్సల్లో ధైర్యం కూడగట్టుకుని మేడమ్ దగ్గరికి వెళ్ళింది. "మేడమ్, మేరీకి అసలు పేరు ఏంది... ఏమిటి మేడమ్?"

"అసలు పేరేంటమ్మా? మేరీయే."

"వాళ్ళు మామూలు గౌన్లు, చొక్కాలు వేసుకునేవాళ్ళంట మేడమ్. ఈ ఈకలు..."

"స్టేజీ మీదికి రాగానే ఇండియన్ అని జనానికి తెలియాలి కదమ్మా. నువ్వు టెన్షన్ పడకు. నీకేం మాటలు లేవుగా" అని మేడమ్ వీపు తట్టి పంపించారు.

ఆ రోజే అసలు సంగతి జరిగింది. బాలు "పొండి!" అని అరిచాక సుల్తానాకి దుప్పటి కాళ్ళకు చుట్టుకుని లేవడం ఆలస్యమైంది. అక్షయ అప్పటికే మోకాళ్ళ మీద కూర్చుంది. కన్నీళ్ళు కూడా తెచ్చుకుంది. పక్కన సుల్తానా ఇంకా అక్కడే ఉంది.

"అబ్బా, పోవే సుజీ!" అని విసుక్కుంది అక్షయ. "నువ్వు పోతేనే కదా నేనేడవాలి. నువ్విక్కడే కూర్చుంటే నేనెవరి కోసం ఏడవాలి, చెప్పు?"

సుల్తానా దుప్పటి తీసుకుని పక్కకు పోయింది. పోయి గోడకు ఆనుకుని నిలబడింది. అక్షయ ఏడుస్తోంది, మేడమ్ చప్పట్లు కొడుతున్నారు, అవేవీ ఆమెకు వినపడటం లేదు. చాలా రోజుల తర్వాత ఆమె మొహం మీదికి నవ్వు వచ్చింది. దాన్ని ఎవరూ చూడకుండా దుప్పటి అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

పోటీ ఫహాహీల్‌లో ఒక హోటల్ హాల్లో పెట్టారు. శుక్రవారం, జుమ్మా నమాజు అయ్యాక. ముందు వరసల్లో డాక్టర్లూ ఇంజనీర్లూ కుటుంబాలతో కూర్చున్నారు. వెనక వరసల నిండా కడప, రాయచోటి మనుషులే. డ్రైవర్లు, వంటవాళ్ళు, వెల్డర్లు. సెలవు రోజు, ఏసీ ఉంది, టికెట్ లేదు, పైగా చివర్లో బిర్యానీ అని పిలిచారు. ఆడవాళ్ళ వైపు మధ్య వరసలో గౌసియా బీ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కామె ఏదో అడిగితే తల ఊపింది.

తెర లేచింది. మిస్ ఎలనార్ బడి నడిపింది. మేరీ తల నిమిరింది. మేరీ నవ్వింది. బాలు బూట్లు టకటకలాడిస్తూ వచ్చి తుపాకీ ఎత్తాడు.

"ఇండియన్లారా! ప్రభుత్వ ఉత్తర్వు! ఈ బీడు నేల ఇక మీది కాదు! ఇండియన్లంతా సామాన్లు సర్దుకుని ఇవాళే ఈ దేశం వదిలి పోవాలి!"

మేడమ్ ఆ మాట రాసేటప్పుడు అది ఎవరి ముందు పలుకుతున్నారో చూసుకోలేదు. కువైట్‌లో ఉన్న ఇండియన్లకు అలాంటి ఉత్తర్వు ఎన్నిసార్లు కలలో రాలేదు గనుక! వెనక వరసలో ఎవరో కువైట్‌లో ఉండనిచ్చే కార్డు ఎత్తి చూపిస్తూ, భయపడ్డట్టు గొంతు పెట్టి, "నాకు ఇఖామా ఉండాది సారూ!" అన్నాడు. హాలు గొల్లుమంది.

బాలుకి ఆ నవ్వు బలమిచ్చింది. తుపాకీ మేరీ వైపు తిప్పాడు. "ఊఁ, నడు!"

మేరీ లేవలేదు.

"నడవ్వే!" అన్నాడు బాలు. తర్వాత గొంతు తగ్గించి, "ఒసేయ్, లేవే బాబూ, నీకు దండం పెడతాను" అన్నాడు. వాడి చొక్కాకి మైకు ఉన్న సంగతి మర్చిపోయాడు. జనం మళ్ళీ నవ్వారు.

సుల్తానా తల తిప్పి చూసింది. ఎదురుగా అంత జనం. ఆ జనంలో వెతికి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న తల్లిని చూసింది. అంతే, పెగలని నోరు పెగిలింది.

"యాడికి పోవల్ల?"

ఆ గొంతు సన్నగా వచ్చింది గానీ, మాట మాత్రం రాయచోటి నుంచి నేరుగా దిగినట్టు వచ్చింది. వెనక వరసలు నిటారుగా కూర్చున్నాయి.

"యాడికి పోవల్ల అని అడగతాండా. మా నాయన కంప కొట్టి, రాళ్ళేరి సేను జేసిండాడు. మా తోట ఈడ్నే ఉండాది. మా పత్రిక మా బాసలో మేమే అచ్చేసుకుంటాండాము. నువ్వొచ్చి బీడంటాండావు. యాడుండాది బీడు? సూపీ!"

"సూపీ!" అని వెనక నుంచి ఒక గొంతు. "సూపించబ్బా!" అని ఇంకోటి. ఈలలు మొదలయ్యాయి. బాలు తుపాకీ దించేశాడు. దాంతో ఏం చేయాలో వాడికి తోచలేదు.

పక్క తెర వెనక నుంచి కనకవల్లి మేడమ్ "వెళ్ళు, వెళ్ళు" అని అక్షయకు సైగ చేశారు. అక్షయ పరుగున వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. "మేరీ! నీ బాధ నాకు అర్థమైంది మేరీ! ఈ దేశం నీకు చేసిన అన్యాయానికి..."

"నా పేరు మేరీ గాదు."

అక్షయ నోరు తెరిచింది. ఆ మాటకు జవాబు ప్రసంగంలో లేదు.

"నువ్వు ఏడ్సల్లంటే నేను పోవల్నా?" అంది సుల్తానా. "నేను పోను. నీకు అంత ఏడుపొస్తాంటే, నువ్వే పోయి యాడన్నా ఏడ్సుకోపో."

హాలు దద్దరిల్లిపోయింది. కుర్చీలు కొట్టారు, ఈలలు వేశారు. "తెల్లదొరసానీ, పోమ్మా నువ్వు!" అని ఒకాయన లేచి నిలబడి అరిచాడు. ఒక్క వెలుగు అనుకున్నట్టే వచ్చి అక్షయ మీద పడింది. అయితే ప్రసంగం లేదు, కన్నీళ్ళు లేవు. వెలుగులో తెరుచుకున్న నోరు ఒకటి ఉంది. సుల్తానా దాన్ని తనివితీరా చూసింది. తెర పడింది.

ఇంతటితో అయిపోయి ఉంటే అక్షయ బతికిపోయేది. కానీ తెర ముందుకి న్యాయనిర్ణేత బంగారయ్య గారు మైకు పట్టుకుని వచ్చారు. పాలకొల్లు మనిషి, నాటకాలంటే ప్రాణం. వేషం వేసిన పిల్లలను వరసగా నిలబెట్టి, సుల్తానా ముందు ఆగారు.

"అదరగొట్టేసేవమ్మాయ్! కడప మాట ఇంత సొంపుగా ఇక్కడ విని ఎన్నాళ్ళయిందో! ఎవరు నేర్పేరండీ ఈ పిల్లకి?"

సుల్తానా నోరు తెరిచేలోపు కనకవల్లి మేడమ్ చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ స్టేజీ ఎక్కేశారు. మొహం ఎర్రగా ఉంది, నవ్వు మాత్రం నిండుగా ఉంది. "ఇదంతా మేం ముందే అనుకున్నదే సర్. ఆడియన్స్‌కి సర్‌ప్రైజ్‌గా ఉండాలని చెప్పలేదంతే. ఐడియా మా అక్షయదే. ఈ అమ్మాయికి అసలు మాటలే రావు సర్. ఆ యాస అథెంటిక్‌గా ఉండాలని అక్షయే పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా నేర్పింది."

చప్పట్లు మొదలయ్యాయి. అక్షయ ముందు బిత్తరపోయి తల్లి వైపు చూసింది. తర్వాత మెల్లగా నడుము వంచి జనానికి నమస్కారం పెట్టింది. మొహంలో రంగు తిరిగి వచ్చేసింది.

సుల్తానా ఆ నమస్కారం చూస్తూ నిలబడింది. పాత డ్రెస్సులు ఇచ్చి ఫొటో తీసుకున్నారు. పేరు తీసేసి పేరు పెట్టారు. అమ్మ మాట తీసుకుని నవ్వుకున్నారు. ఇప్పుడు ఆ మాటతోనే బహుమతి కూడా తీసుకుపోతున్నారు. ఏడుపు వచ్చేలా ఉంది. ఏడిస్తే దానికీ అక్షయే ఓదారుస్తుంది, దానికీ చప్పట్లు కొడతారు.

"అంతేనా అమ్మాయ్?" అని బంగారయ్య గారు మైకు ఆమె నోటి దగ్గర పెట్టారు.

సుల్తానా ఏడవలేదు.

"అవున్సార్" అంది. "అక్షయే నేర్పించింది. మా మాట మాకన్నా అక్షయకే బాగా వచ్చు సార్. మా అమ్మ మాదిరి మాట్లాడి వీడియో కూడా చేసింది. అందరూ శానా నవ్వుకున్న్యారు. ఒకసారి చెప్పించండి సార్. ఈడ మావోళ్ళంతా ఉండారు, ఇంటారు."

"భలే భలే! ఏదమ్మా, ఆ ముక్క మాకూ వినిపించు!" అన్నారు బంగారయ్య గారు. ఆయనకు ఏమీ తెలియదు పాపం. మైకు తీసి అక్షయ చేతిలో పెట్టారు.

"చెప్పు పాపా, చెప్పు!" అన్నాయి వెనక వరసలు. తమ మాట ఒక విజయవాడ పిల్ల ముద్దుగా పలుకుతుందని వాళ్ళ సంబరం. ముందు వరసల్లో మాత్రం కొందరు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వీడియో చూసినవాళ్ళు వాళ్ళు. ఒకామె చేతి సంచిలో ఏదో వెతుక్కోవడం మొదలుపెట్టింది.

అక్షయ మైకు రెండు చేతుల్తో పట్టుకుంది. "అది... అది సరదాగా..." అంది.

"సరదాగానే చెప్పు" అంది సుల్తానా పక్క నుంచి. "చున్నీ ఇయ్యాల్నా?"

అంటూనే తన దుప్పటి తీసి అక్షయ తల మీద కప్పింది. ఎంత మెల్లగా కప్పిందంటే, చూసేవాళ్ళకు స్నేహితురాలికి ముస్తాబు చేస్తున్నట్టే ఉంది.

"మ్మా..." అంది అక్షయ. "మా పాప... ఉండాదా..."

ఎవరూ నవ్వలేదు. వెనక వరసల్లో సంబరం ఎక్కడిదక్కడ ఆగిపోయింది. ఆ పిల్ల ఎందుకు తడబడుతోందో, ముందు కూర్చున్నవాళ్ళు ఎందుకు తలలు దించుకున్నారో వాళ్ళకు కొంచెం కొంచెంగా అర్థమవుతోంది. చేతులు కట్టుకుని చూస్తున్నారు.

ఆ నిశ్శబ్దంలో ఆడవాళ్ళ వైపు మధ్య వరసలో కుర్చీ కిర్రుమంది. గౌసియా బీ లేచి నిలబడింది.

"ఇనపల్యామ్మా!" అంది. మైకు లేకుండానే ఆ గొంతు హాలు చివరిదాకా పోయింది. "ఇంగా గట్టిగా చెప్పు! ఇంట్లో బాగా చెప్తివి గదా! ఒచ్చాండాదా, ఆ తర్వాత ఏమో అంటివే? నేను అనందిగూడ కలిపితివి గదా! అదిగూడ చెప్పు, మావోళ్ళు ఇనల్ల!"

అక్షయ చేతిలోంచి మైకు కింద పడి పెద్ద చప్పుడు చేసింది. గురుమూర్తి గారు ముందు వరసలో నుంచి లేచి వచ్చి, కూతురి తల మీద దుప్పటి తీసేసి, చెయ్యి పట్టుకుని మెట్లు దించారు. ఆయన ఎవరి వైపూ చూడలేదు. కనకవల్లి మేడమ్ వెనకే పోతూ సుల్తానా దగ్గర ఒక్క క్షణం ఆగారు.

"నీకు మేం ఎంత చేశాం!" అన్నారు పళ్ళ బిగువున.

"అవును మేడమ్. శానా జేసినారు" అంది సుల్తానా.

మొదటి బహుమతి సాల్మియా పిల్లల రాణి నాటకానికి వచ్చింది. ఉత్తమ నటి బహుమతి ఎవరికీ ఇవ్వలేదు; బంగారయ్య గారు కళ్ళద్దాలు తుడుచుకుంటూ ఏదో కారణం చెప్పారు. సుల్తానా ఆ మాటలు వినలేదు. బిర్యానీ దగ్గర వాళ్ళమ్మ చుట్టూ రాయచోటి ఆడవాళ్ళు గుమిగూడారు. గౌసియా బీ పళ్ళెం చేత్తో పట్టుకుని, తినడం మర్చిపోయి, బస్సులో జరిగింది మొదటి నుంచి చెబుతోంది. చేతులు తిప్పుతోంది. కళ్ళు తిప్పుతోంది. మధ్యలో ఎవరో అడ్డం వస్తే "నువ్వు గమ్మునుండు, నన్ను చెప్పనీ" అంటోంది. హుస్సేన్ వలి దూరంగా నిలబడి కూతురితో, "మీ యమ్మకు పండ్ల నొప్పి తగ్గినట్టుండాదే" అన్నాడు.

అక్షయ ఏడుస్తూ కారెక్కిందని బాలు వచ్చి చెప్పాడు. "పాపం కదా?" అన్నాడు.

సుల్తానా, పాపం అనిపిస్తుందేమోనని తన లోపల వెతికి చూసుకుంది. "ఏం ల్యా" అంది. "నువ్వు రైతా వేసుకుంటివా?"

మరుసటి గురువారం సాయంత్రం గౌసియా బీ ఫోనుకి అమ్మల గ్రూపులో మెసేజ్ వచ్చింది. తెలుగు బడిలో స్థలం చాలనందున కొందరు పిల్లలను వచ్చే వారం నుంచి తీసుకోలేకపోతున్నామని కనకవల్లి మేడమ్ రాశారు. కింద పేరు ఒక్కటే ఉంది, సుల్తానా అని.

సుల్తానా చదివి వినిపించింది. గౌసియా బీ ఉల్లిపాయలు కోస్తూ విన్నది. చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, ఫోను అందుకుంది.

"మే, మాటలు పంపిస్తారు గదా, అది యాడ నొక్కల్ల?"

సుల్తానా చూపించింది. గౌసియా బీ వేలు అదిమిపెట్టి, ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, గొంతు సవరించుకుంది.

"కనకవల్లమ్మా, నేను గౌసియాని మాట్లాడ్తాండా. మా పాపకు మీ బళ్ళో సోటు లేదంటివి, మంచిది. మీ ఇంటి హాలు శానా పెద్దది, నేను సూసినా. సోటు లేంది ఆడ గాదు. యాడ లేదో నీకు తెలుసు. మా పాప మాటలు రాక మీ కాడికి రాలేదు. మాటలు ఎవురితో మాట్లాడల్లో తెలీక వచ్చింది. ఇప్పుడు తెల్సింది. ఇంగొకటి. మీ పాప నా మాదిరి చెప్పింది గదా, అది తప్పు. ఒచ్చాండాదా అనేటప్పుడు తల ఇట్ల ఎత్తల్ల, నడుముమీద చెయ్యి పెట్టగూడదు, అది మా సిన్నాడబిడ్డ అలవాటు, నాది గాదు. నేర్సుకోవల్లంటే మా ఇంటికి పంపు. టీ తాపిచ్చి, నేర్పిచ్చి పంపిస్తా. దుడ్లు వద్దు."

వేలు తీసింది. మెసేజ్ పోయింది. తల్లీ కూతుళ్ళు ఫోను మధ్యలో పెట్టుకుని నేల మీద కూర్చున్నారు. చూసినవాళ్ళ పేర్లు ఒకటొకటే వస్తున్నాయి. విన్నవాళ్ళు ఎవరూ ఏమీ రాయడం లేదు. ఒక్కో పేరు వచ్చినప్పుడల్లా సుల్తానా చదువుతోంది, గౌసియా బీ "ఊఁ, ఆ యమ్మా ఇన్యా" అని వేలు మడుస్తోంది. ఇంత తీయటి సాయంత్రం కువైట్ వచ్చాక సుల్తానాకి ఇదే.

కాసేపటికి గ్రూపులో చిన్న అక్షరాల్లో ఒక వరుస కనపడింది.

"అమ్మా, మేడమ్ నిన్ను గ్రూపులోనుంచి తీసేసినారు" అంది సుల్తానా.

"తీసేస్తే తీసేసె" అంది గౌసియా బీ, కత్తిపీట మళ్ళీ ముందుకు లాక్కుంటూ. "అందురూ ఇనినాక గదా తీసింది."